ఒక్క పెట్టెను నమ్ముకోవద్దు: ఐదు పాత పీసీలతో స్టూడియో డేటా కాపాడుకోవడం ఎలా

నెల్లూరులో మా బావమరిదికి ఫొటో స్టూడియో ఉంది. ట్రంకు రోడ్డు వెనక సందులో, మిద్దె మీద. పెళ్లిళ్ల సీజన్‌లో రెండు వీడియో కెమెరాలు, ఒక క్యాండిడ్, ఒక డ్రోన్ తిరిగితే ఒక్క పెళ్లికే 400 నుంచి 500 జీబీ వస్తుంది. అదంతా నాలుగు డిస్కులు పట్టే స్టోరేజ్ పెట్టెలో పోసేవాడు. రెయిడ్ 5 పద్ధతి, అంటే డేటాను డిస్కులన్నిటికీ పంచి, ఒకటి పోతే మిగతావాటి నుంచి లెక్కగట్టి తిరిగి తెచ్చుకునేది. "ఒక డిస్క్ పోయినా మీ డేటాకు ఏం కాదు సార్" అని అమ్మినాయన చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఒక మాఘమాసంలో ఒక డిస్క్ పోయింది, డేటాకు ఏమీ కాలేదు. కొత్త డిస్క్ పెట్టాం. పోయినదాన్ని తిరిగి కట్టడానికి 30 గంటలు పడుతుందని పెట్టె చూపించింది. 22వ గంటలో రెండో డిస్క్ చదవడం మానేసింది.

తొమ్మిది పెళ్లిళ్లు పోయాయి. మెమరీ కార్డులు అప్పటికే ఫార్మాట్ కొట్టి ఇంకో పెళ్లికి వాడేశారు. ఒక పెళ్లికూతురి తండ్రి కావలి నుంచి వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాం. కుర్చీలో కూర్చుని టీ తాగి, "మా అమ్మ ఆ వీడియోలోనే ఉండాది బాబూ" అని మాత్రం అని లేచి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత మా వాడికి నేను కట్టిచ్చిన ఏర్పాటే ఇది. మూడు సీజన్లుగా నడుస్తోంది. మీరు స్టూడియో వాళ్లే కానక్కర్లేదు. రొయ్యల హేచరీ సీసీ కెమెరాలకైనా, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసు డ్రాయింగులకైనా, ఆసుపత్రి స్కానింగులకైనా పద్ధతి ఇదే. ఒక షరతు మాత్రం ఉంది. మీ దగ్గరున్న మొత్తం డేటా 8 టీబీ లోపే అయితే ఇక్కడితో ఆపేయండి. రెండు మామూలు పెట్టెలు కొని, రాత్రిపూట ఒకదాని నుంచి ఇంకోదానికి కాపీ అయ్యేట్టు పెట్టుకుంటే చాలు. విండోస్ బదులు వాడే లైనెక్స్ నల్ల తెర చూస్తే భయపడే వాళ్లయితే, భయపడని కుర్రాణ్ని ఒకణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

పని మొదలుపెట్టే ముందు: తేడా ఎక్కడుందో

రెయిడ్ అనే పేరు 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపరుతో వచ్చింది. చవక డిస్కులు కొన్ని కలిపి ఒక ఖరీదైన పెద్ద డిస్క్ చేసే పని చేయించడం వాళ్ల ఆలోచన. మంచి ఆలోచనే. కానీ అది పెట్టె రూపంలో మన టేబుల్ మీదికి వచ్చేసరికి డిస్కులు నాలుగున్నా మెదడు ఒక్కటే, పవర్ సప్లై ఒక్కటే, నెట్‌వర్క్ తీగ ఒక్కటే. రక్షణ లెక్కలన్నీ ఆ ఒక్క మెదడే కట్టాలి. డిస్క్ పోతే, తిరిగి కట్టిందంతా కొత్తగా పెట్టిన ఆ ఒక్క డిస్క్ మీదే రాయాలి. 4 టీబీ డిస్క్ సెకనుకు 150 ఎంబీ చొప్పున ఊపిరి తీసుకోకుండా రాసినా ఏడు గంటల పైన పడుతుంది. పక్కన ఎడిటింగ్ కూడా నడుస్తుంటే మాకు చూపించినట్టు 30 గంటలవుతుంది.

ఆ 30 గంటలూ మిగిలిన మూడు డిస్కులను మొదటి నుంచి చివరిదాకా చదవాలి. 12 టీబీ. మామూలు డెస్క్‌టాప్ డిస్కుల కాగితాల్లో, 12.5 టీబీ చదివితే ఒక్కచోట చదవలేకపోవచ్చు అనే లెక్క రాసి ఉంటుంది. నిజానికి డిస్కులు దానికంటే మెరుగ్గానే పనిచేస్తాయి. కానీ ఒకే రోజు, ఒకే కొట్టులో, ఒకే పెట్టెలోంచి తీసి కొన్న నాలుగు డిస్కులకు వయసు కూడా ఒకటే. ఒకటి పోయిందంటే మిగతావి కూడా అదే దారిలో ఉన్నాయని లెక్క.

అందుకని డిస్కులను పంచినట్టే కాపలా పనిని కూడా పంచాలి. ఐదు పీసీలుంటే లెక్క కట్టడం, సరిచూడడం, పోయినదాన్ని తిరిగి కట్టడం, ఈ మూడు పనులూ ఐదింటికీ వంతులు రావాలి. ఇలా చేసే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి. నేను వాడింది సెఫ్. క్యాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సాంటాక్రూజ్‌లో సేజ్ వైల్ తన పరిశోధనలో భాగంగా మొదలుపెట్టినది, దాని మీద పేపరు 2006లో వచ్చింది. ఉచితం. పెద్ద డేటాసెంటర్ల కోసం పుట్టిన దాన్ని సందులోని స్టూడియోలో పెట్టడం కొంచెం అతే. కానీ ఐదు పీసీల మీద కూడా అది ఒద్దికగా నడుస్తుంది.

మొదటి అడుగు: పెట్టెలు, డిస్కులు

ఐదు పాత డెస్క్‌టాప్‌లు చాలు. ఆఫీసులు అమ్మేసే సెకండ్ హ్యాండ్ పీసీలు. ఐదూ ఒకే మోడల్ కానక్కర్లేదు, కాకపోతేనే మంచిది. ప్రతిదానిలో 16 జీబీ ర్యామ్ ఉండాలి. సెఫ్‌లో ప్రతి డిస్కుకూ ఓఎస్‌డీ అనే చిన్న కాపలాదారు ప్రోగ్రామ్ నడుస్తుంది, ఒక్కోటీ మామూలుగా 4 జీబీ దాకా వాడుకుంటుంది. రెండు డిస్కులంటే 8, మిగతా పనులకు ఇంకో 8. ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ వేరే పెట్టండి.

డేటా డిస్కులు ఒక్కో పీసీకి రెండు, ఒక్కోటి 4 టీబీ. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఎస్‌ఎంఆర్ రకం డిస్కులు కొనొద్దు. వాటిలో ట్రాకులు ఇంటి కప్పు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవన్నీ కదిలించాలి. ఖాళీ డిస్కు మీద బాగానే పరిగెత్తి, తిరిగి కట్టే వేళకు చతికిలపడతాయి. ట్రాకులు విడివిడిగా ఉండే రకం, సీఎంఆర్ అని రాసి ఉన్నదే అడగండి. కొట్టువాడు "రెండూ ఒకటే సార్" అంటే నవ్వి ఇంకో కొట్టుకు వెళ్లండి. రెండు, పది డిస్కులూ ఒకేసారి కొనకండి. మేం నాలుగు నెల్లూరులో, నాలుగు ఒంగోలులో, రెండు చెన్నై నుంచి తెప్పించాం. తయారైన నెలలు వేరువేరుగా ఉన్నాయా అని స్టిక్కర్ మీద చూసుకున్నాం.

ఇంకో చిన్న పని. డిస్క్ బిగించే ముందు దాని సీరియల్ నంబరు తెల్ల టేపు మీద రాసి పీసీ బయట అంటించండి. ఎప్పుడో ఒక రోజు డిస్క్ చెడిపోతుంది. కంగారులో పక్కనున్న మంచి డిస్క్ పీకేయడం ఈ వృత్తిలో అందరూ ఒకసారైనా చేసే తప్పు.

రెండో అడుగు: తీగలు, కరెంటు

మామూలు గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు 110 ఎంబీకి అటూ ఇటూ వస్తుంది. అంటే ఒక్క డిస్క్ వేగం కంటే నెట్‌వర్కే తక్కువ. పనిని ఐదుగురికి పంచి, వాళ్లు మాట్లాడుకునే దారిని ఇరుకు చేస్తే ప్రయోజనం లేదు. 2.5 గిగాబిట్ కార్డులు ఐదు, 2.5 గిగాబిట్ స్విచ్ ఒకటి తీసుకోండి. క్యాట్ 6 తీగలు. స్విచ్ ఒక్కటే అయితే అదే మళ్లీ ఒంటి స్తంభం అవుతుంది కాబట్టి ఇంకో స్విచ్ కొని బీరువాలో పెట్టండి. పాత గిగాబిట్ స్విచ్ అయినా సరే, నెమ్మదిగానైనా బండి నడుస్తుంది. తీగలు నేల మీద వదలకండి. కింద స్వీట్ల కొట్టు ఉన్న మిద్దె మీద ఎలుకల సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఐదు పీసీలూ ఒకే యూపీఎస్ మీద పెట్టొద్దు. మేం రెండు ఒకదాని మీద, మూడు ఇంకోదాని మీద పెట్టాం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాల్లో కరెంటు ఎలా ఉందో గుర్తుంటే, యూపీఎస్ ఎందుకని అడగరు. యూపీఎస్ ఉన్నది పని చేసుకోవడానికి కాదు, పద్ధతిగా ఆపుకోవడానికి. పీసీకి యూఎస్‌బీ తీగ కలిపి, బ్యాటరీ పడిపోతుంటే దానంతటదే షట్‌డౌన్ అయ్యేట్టు పెట్టండి.

కరెంటు బిల్లు సంగతి కూడా ముందే చెప్తాను. ఐదూ కలిపి 300 వాట్లు లాగితే రోజుకు 7.2 యూనిట్లు, నెలకు 216. మా వాడు మొదటి నెల బిల్లు చూసి "బావా, ఇంకో ఫ్రిజ్ కొన్నట్టుందే" అన్నాడు. ఒకటి కాదు, అంతకంటే ఎక్కువే.

మూడో అడుగు: ముక్కల లెక్క

సెఫ్‌లో డేటాను రెండు రకాలుగా కాపాడుకోవచ్చు. ప్రతి ఫైలుకూ మూడు నకళ్లు ఉంచుకోవడం ఒకటి. సులువే, కానీ 40 టీబీ డిస్కులు కొంటే 13 టీబీయే చేతికి వస్తుంది. రెండోది ఫైలును ముక్కలు చేసి, వాటికి కాపలా ముక్కలు కట్టడం. దీన్ని ఎరేజర్ కోడింగ్ అంటారు. పేరు చూసి బెదరకండి. చేత్తో చేసి చూద్దాం.

ఒక ఫైలును రెండు ముక్కలు చేశారనుకోండి. ముక్కలకు బదులు రెండు అంకెలు తీసుకుందాం: 7, 5. వీటికి రెండు కాపలా అంకెలు కడదాం. మొదటిది మామూలు కూడిక, 7 + 5 = 12. రెండోదానికి రెండో అంకెను రెట్టింపు చేసి కూడండి, 7 + 10 = 17. ఇప్పుడు 7, 5, 12, 17 అనే నాలుగింటిని నాలుగు పీసీల్లో పెట్టండి.

ఏ రెండు పీసీలు పోయినా చూద్దాం. 7, 12 పోయాయి, చేతిలో 5, 17 ఉన్నాయి. 17 లోంచి 5కి రెట్టింపు, అంటే 10 తీసేస్తే 7 వచ్చింది. ఇక 12 కూడికే. ఇంకా ఘోరంగా, అసలు అంకెలు రెండూ పోయి కాపలావే మిగిలాయనుకోండి. 17 లోంచి 12 తీసేస్తే 5. 12 లోంచి 5 తీసేస్తే 7. కాగితం తీసుకుని మిగతా జతలూ చేసి చూడండి. ఇది నోటితో చెప్తే నమ్మకం కుదరదు, వేళ్లతో చేస్తే కుదురుతుంది. కంప్యూటర్ చేసేది కూడా ఈ తరహా లెక్కే. కాకపోతే కూడికలో అంకె పెరిగి బైటులో పట్టకుండా పోకుండా ఇంకో రకం గణితం వాడుతుంది. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతి. సీడీ మీద గీత పడినా పాట ఆగకుండా వచ్చేది దీని చలవే.

దీన్ని 2 + 2 అంటారు. నాలుగు పీసీలు చాలు కదా, ఐదోది ఎందుకు? ఒకటి పోతే, దానిలోని ముక్కలను తిరిగి కట్టి పెట్టుకోవడానికి చోటు కావాలి. నాలుగే ఉంటే కొత్త పీసీ వచ్చేదాకా కుంటుతూ నడవాలి. ఐదోది ఉంటే దానంతటదే సర్దుకుని మళ్లీ నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది.

చోటు లెక్క వేసుకోండి. పది డిస్కులు, 40 టీబీ. 2 + 2లో సగం పనికొస్తుంది, 20. కానీ ఒక పీసీ పోయినా పట్టాలంటే నాలుగు పీసీల చోటే లెక్క, 16. ఏ డిస్కూ 85 శాతం దాటకూడదు, దాటితే సెఫ్ హెచ్చరిస్తుంది, 95కి రాయడమే ఆపేస్తుంది. 16లో 85 శాతం 13.6. కాబట్టి గోడ మీద పెద్ద అక్షరాలతో "13 టీబీ" అని రాసి పెట్టుకోండి. 20 ఉంది కదా అని నింపుకుంటూ పోతే, పీసీ పోయిన రోజు పోయిన ముక్కలకు చోటుండదు.

నాలుగో అడుగు: సెఫ్ ఎక్కించడం

ఐదింటిలోనూ లైనెక్స్‌లో ఒక రకమైన ఉబుంటు సర్వర్ ఎక్కించండి, డెస్క్‌టాప్ బొమ్మలు వద్దు. ప్రతిదానికీ మారని ఐపీ అడ్రస్ ఇవ్వండి. పేర్లు మీ ఇష్టం. మా వాడు పెన్నా, స్వర్ణముఖి, మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మ అని పెట్టుకున్నాడు. నదుల పేర్లు పెట్టాక "మన్నేరు ఎండిపోయింది" అని ఫోన్ చేస్తే నాకు వెంటనే అర్థమవుతుంది.

ఐదు గడియారాలూ ఒకే టైము చూపించాలి. సెఫ్‌లో మానిటర్లు అనే పెద్దమనుషులు ఉంటారు, ఎవరు బతికున్నారు, ఎవరు పోయారు అన్నది వాళ్లే తేలుస్తారు. వాళ్ల గడియారాల మధ్య సెకనులో ఇరవయ్యో వంతు తేడా వచ్చినా గోల చేస్తారు. క్రోనీ అనే ప్రోగ్రామ్ పెడితే ఈ తలనొప్పి ఉండదు. పాత పీసీల మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ కూడా మార్చేయండి.

తర్వాత సెఫ్ వాళ్లే ఇచ్చే ఇన్‌స్టాలర్‌ను మొదటి పీసీలో నడపండి. అది ఒక మానిటర్‌ను లేపి, బ్రౌజర్‌లో తెరుచుకునే డాష్‌బోర్డ్ అడ్రస్, పాస్‌వర్డ్ చూపిస్తుంది. ఇక్కడి నుంచి ఎక్కువ పని మౌస్‌తోనే అవుతుంది. మిగతా నాలుగింటినీ హోస్టులుగా చేర్చండి. ఖాళీ డిస్కులన్నీ వాడుకోమని చెప్పండి. డిస్క్ మీద పాత విండోస్ పార్టిషన్ ఉంటే సెఫ్ దాన్ని ముట్టుకోదు, ముందు తుడవాలి. ఐదు పీసీల్లోనూ మానిటర్లు ఉండనివ్వండి. ఐదులో ముగ్గురు ఒక మాట మీదుంటే బండి నడుస్తుంది. సరిసంఖ్య పెడితే చెరిసగం చీలి కూర్చునే ప్రమాదం ఉంది, పంచాయతీల్లో చూస్తూనే ఉంటాం.

ఇప్పుడు పూల్స్, అంటే ఒకే రక్షణ పద్ధతిలో డేటా దాచుకునే అరలు. డాష్‌బోర్డ్‌లో ఎరేజర్ కోడ్ ప్రొఫైల్ ఒకటి తయారుచేయండి: కే (అసలు ముక్కలు) విలువ 2, ఎం (కాపలా ముక్కలు) విలువ 2, ఫెయిల్యూర్ డొమైన్ దగ్గర "హోస్ట్". ఈ చివరి మాట మీద వేలు పెట్టి రెండుసార్లు చూడండి. అక్కడ "ఓఎస్‌డీ" అని ఉంటే ఒకే ఫైలు ముక్కలు రెండు ఒకే పీసీలోని రెండు డిస్కుల్లో పడొచ్చు. అప్పుడు ఆ పీసీ పవర్ సప్లై పోతే రెండు ముక్కలూ ఒకేసారి మాయం. హోస్ట్ అని పెడితే ఒక పీసీకి ఒక ముక్కే.

ఫైళ్లు దాచే సెఫ్ ఎఫ్‌ఎస్‌కు పేర్లు, ఫోల్డర్ల వివరాలు పెట్టుకునే పూల్ ఒకటి కావాలి, అది మూడు నకళ్లదే అయి ఉండాలి, ముక్కల లెక్క అక్కడ పనికిరాదు. మొదటి డేటా పూల్ కూడా మూడు నకళ్లదే పెట్టి, మన 2 + 2 పూల్‌ను రెండోదిగా కలిపి, "పెళ్లిళ్లు" ఫోల్డర్ మొత్తం దాంట్లోకి వెళ్లేట్టు చెప్పడం మంచి పద్ధతి. 2 + 2 పూల్ తయారుచేసేటప్పుడు ఓవర్‌రైట్ (ఉన్నదాని మీద మళ్లీ రాయడం) అనుమతించే టిక్కు పెట్టడం మరిచిపోతే ఇక్కడ ఆగిపోతారు. నేను ఒక పూట ఆగిపోయాను.

ఐదో అడుగు: పని నిజంగా పంచుకుంటున్నాయా

మీరు ఒక వీడియో ఫైలు కాపీ చేస్తే సెఫ్ ఎఫ్‌ఎస్ దాన్ని మామూలుగా 4 ఎంబీ చొప్పున ఆబ్జెక్టులుగా విడగొడుతుంది. ప్రతి ఆబ్జెక్టూ ఏ గుంపుకు చెందుతుందో ఒక లెక్క తేలుస్తుంది. ఆ గుంపులను పీజీలు అంటారు. ప్రతి పీజీకి నాలుగు డిస్కుల వరస ఉంటుంది. వరసలో మొదటివాడు పెద్ద. ఆబ్జెక్టు ముందు ఆ పెద్ద దగ్గరికి వెళ్తుంది. అతనే దాన్ని రెండు ముక్కలు చేసి, రెండు కాపలా ముక్కలు కట్టి, ఒకటి తన దగ్గర ఉంచుకుని మిగతా మూడూ పక్కవాళ్లకు పంపుతాడు. పక్క పీజీకి పెద్ద ఇంకొకడు. కాబట్టి ఒక్క పెళ్లి వీడియోలోని వేల ఆబ్జెక్టుల లెక్కలు పది డిస్కుల కాపలాదారులూ పంచుకుని కడతారు. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే ఒకే ఒక్క పద్దు పుస్తకం ఎక్కడా ఉండదు. వరసను ఎవరికి వారే లెక్కగట్టి తెలుసుకుంటారు. ఆ లెక్క పేరు క్రష్.

మీరు చూసుకోవాల్సింది పీజీల సంఖ్య. అది మరీ తక్కువైతే పంపకం సరిగా కుదరదు, ఒక డిస్క్ 80 శాతం నిండి ఇంకోటి 50లో ఉంటుంది. పీజీల సంఖ్యను సర్దే ఆటోస్కేలర్, డిస్కుల నిండుదనాన్ని సమం చేసే బ్యాలెన్సర్ రెండూ ఆన్‌లో ఉంచండి. వారం తర్వాత డాష్‌బోర్డ్‌లో పది డిస్కుల నిండుదనం చూడండి. ఐదారు శాతం తేడా ఉంటే పట్టించుకోవద్దు.

విండోస్ ఎడిటింగ్ సిస్టమ్‌లకు సాంబా ద్వారం కావాలి, లైనెక్స్‌లోని ఫోల్డర్లను విండోస్‌కు చూపించే ప్రోగ్రామ్ అది. ఇక్కడే చాలామంది చేసిందంతా చెడగొట్టుకుంటారు. ఐదు పీసీలకు పని పంచి, లోపలికి ఒకే తలుపు పెడతారు. రెండు పీసీల్లో సాంబా పెట్టి, సగం ఎడిటర్లను ఒకదానికి, సగం ఇంకోదానికి కలపండి. మా దగ్గర పాటలు కట్ చేసే ఇద్దరు పెన్నా మీద, ఆల్బమ్ డిజైన్ చేసే అమ్మాయి పాలేరు మీద.

ఎడిటింగ్ ప్రాజెక్టు కాష్, ప్రివ్యూ ఫైళ్లు మాత్రం ఇందులో పెట్టకండి. చిన్న చిన్న రాతలు పదేపదే రాస్తే ప్రతిసారీ ముక్కల లెక్క మళ్లీ కట్టాలి, నత్తనడక అవుతుంది. అవి ఎడిటర్ పీసీలోని ఎస్‌ఎస్‌డీలోనే. రా ఫైళ్లు, పూర్తయిన వీడియోలు ఇక్కడ.

సరిచూసే పని ఇంకోటి ఉంది, స్క్రబ్ అంటారు. రోజుకోసారి పైపైన, వారానికోసారి ప్రతి ముక్కనూ చదివి, అచ్చంగా రాసినట్టే ఉందా అని చూస్తుంది. తేడా కనబడితే మిగతా ముక్కల నుంచి సరిచేసుకోగలదు. మా పాత పెట్టెలో ఇదే జరగలేదు. రెండో డిస్కులో ఆ చెడ్డ చోటు ఎన్నాళ్లనుంచి ఉందో, ఎవరూ అటు వెళ్లి చదవలేదు. స్క్రబ్ టైము రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా అని పెట్టండి. పగలు పెడితే ఎడిటర్లు మీ ప్రాణం తీస్తారు.

ఆరో అడుగు: తీగ పీకి చూడండి

అసలు డేటా పోయకముందే ఈ పరీక్ష పెట్టాలి. ఒక పాత పెళ్లి వీడియో పాడైనా పర్లేదనుకున్నది కాపీ చేసి, ప్లే చేస్తూ ఉండండి. ఒక పీసీ పవర్ తీగ పీకేయండి. షట్‌డౌన్ కాదు, పీకడమే.

మా వాడు మన్నేరు తీగ పట్టుకుని నిమిషం సేపు తటపటాయించాడు. "నిజంగానే పీకేదా బావా?" పీకేయరా అన్నాను. తెర మీద తలంబ్రాలు పోసుకుంటున్న జంట చేతులు గాల్లో ఆగాయి. మేం ఊపిరి బిగబట్టాం. ఇరవై సెకన్లు దాటాక తలంబ్రాలు పడ్డాయి. ఆ ఆగడం తప్పు కాదు, పోయిన పీసీ పోయిందని మిగతావాళ్లు నిర్ధారించుకునే టైము అది.

పది నిమిషాలదాకా సెఫ్ ఏమీ కదిలించదు, పీసీ మళ్లీ లేస్తుందేమోనని చూస్తుంది. ఆ తర్వాత పోయిన ముక్కలు తిరిగి కట్టడం మొదలు. అప్పుడు డాష్‌బోర్డ్‌లో నెట్‌వర్క్ గీతలు చూడండి. ఒక్క పీసీ కాదు, నాలుగింటి గీతలూ లేస్తాయి. పాత పెట్టెలో ఒక్క డిస్క్ మోసిన బరువు ఇక్కడ ఎనిమిది డిస్కులు తలా కాస్త మోస్తున్నాయి. రెండు పీసీలు ఒకేసారి పీకితే కొన్ని ఫైళ్ల దగ్గర పని ఆగుతుంది. సెఫ్ కనీసం మూడు ముక్కలుంటేనే రాయనిస్తుంది. డేటా పోదు, ఒకటి లేవగానే కదులుతుంది. ఇది కూడా ఒకసారి చేసి చూస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

దుమ్ము దులపడానికి పీసీ ఆపాల్సి వస్తే ముందు "నో అవుట్" జెండా (ఆగిన డిస్కులను పోయినట్టు లెక్కేయొద్దని సెఫ్‌కు చెప్పేది) పెట్టండి, లేకపోతే పది నిమిషాలు దాటగానే అనవసరంగా టీబీలు కదిలిస్తుంది. పని అయ్యాక ఆ జెండా తీసేయండి. నేను ఒకసారి పెట్టి మూడు వారాలు మరిచిపోయాను. డాష్‌బోర్డ్ పసుపు రంగులో చెప్తూనే ఉంది, చూసీ చూడనట్టు వదిలేశాను. ఆ మూడు వారాల్లో డిస్క్ ఏదైనా పోయి ఉంటే సెఫ్ చేతులు కట్టుకుని కూర్చునేది.

డిస్క్ నిజంగా పోయిన రోజు మీరు చేయాల్సింది చాలా తక్కువ. వెంటనే ఏదీ పీకొద్దు. తిరిగి కట్టడం పూర్తయ్యి డాష్‌బోర్డ్ డేటా గురించి గోల ఆపేదాకా ఆగండి. తర్వాత టేపు మీది సీరియల్ నంబరు సరిచూసుకుని, ఆ డిస్కును జాబితాలోంచి తీసేసి, కొత్తది బిగించండి. మాకు పోయిన శ్రావణంలో ఒకటి పోయింది. సాయంత్రం కనబడింది, పొద్దున్నకి సర్దుకుంది, కొత్త డిస్క్ నాలుగు రోజుల తర్వాత వచ్చింది. ఆ నాలుగు రోజులూ ఎడిటర్లకు విషయమే తెలియదు.

ఏడో అడుగు: పెన్నా అవతల ఇంకో కాపీ

ఐదు పీసీలున్నా అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. పైగా ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ కొడితే ఐదూ కలిసికట్టుగా, చాలా వేగంగా డిలీట్ చేస్తాయి. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళాలేసినా అంతే. దానికి రెండు మందులు. రోజుకో స్నాప్‌షాట్ (ఆ పూట ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా గుర్తుపెట్టుకోవడం) తీసేట్టు పెట్టి రెండు వారాలు ఉంచుకోండి, పొరపాట్లకు అది చాలు. నిప్పుకు, నీటికి, దొంగకు మాత్రం వేరే ఊళ్లో కాపీ కావాలి.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట దెబ్బతింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. కాబట్టి వేదాయపాళెంలో చుట్టాలింట్లో పెట్టిన కాపీని నేను వేరే ఊరి కాపీ అనను. నది అవతల ఉండాలి. మాది కావలిలో మా పెద్దత్తమ్మ ఇంట్లో, బీరువాలో, పట్టుచీరల కింద ఉంటుంది. 16 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు. ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ, నెలకోసారి మారతాయి. ఇంటర్నెట్‌లో పంపొచ్చుగా అని అడుగుతారు. వారానికి నాలుగు పెళ్లిళ్లు, 2 టీబీ. అప్‌లోడ్ 50 ఎంబీపీఎస్ ఉన్నా ఆగకుండా మూడున్నర రోజుల పైన. కావలి బస్సు దానికంటే వేగం.

డిస్క్ మార్చే రోజు అక్కడే లాప్‌టాప్‌కు కలిపి, కళ్లు మూసుకుని ఒక పెళ్లి ఎంచుకుని తెరవండి. మొదటి నిమిషం ఆడితే సరిపోదు, చివరికి లాగి అప్పగింతలు కనబడేదాకా చూడండి. మా పెద్దత్తమ్మకు ఇది అలవాటైపోయింది. డిస్క్ బయటికి తీయగానే "ఈసారి ఎవరి పెళ్లిరా?" అని కుర్చీ లాక్కుంటుంది.